తడేనా?

కొలత పెట్టెలు బాగుచేసే దెసాంక వచ్చేసరికి పొద్దుటి షిఫ్టు వాళ్లంతా గని ముఖద్వారం దగ్గర హెల్మెట్లు పెట్టుకుని నిలబడి ఉన్నారు. లోపల పైకప్పు రాతిలో దిగేసిన కొలత తీగలు ఇక్కడున్న పెట్టెకు చేరతాయి. ఆ పెట్టెలో అంకె పొద్దున్నుంచీ పైకి పాకుతోంది. అంటే రాయి కదులుతూ ఉండాలి, లేదా పెట్టెలోని సర్క్యూట్ కార్డు అబద్ధమాడుతూ ఉండాలి.

“తడి, అక్కా! వానకి నీ కార్డుకి జలుబు చేసింది,” అన్నాడు మేస్త్రి మిలోయ్కో, రాకియా సీసా చాపుతూ. “ఓ చుక్కేసి తుడిచెయ్, మేం దిగుతాం.”

“తాగేదాన్ని తాగి చావండ్రా. దీంతో తుడిచే కదా కార్డులన్నీ పాడుచేశారు!”

మా వాళ్లకు రాకియాతో నయంకాని జబ్బు లేదు. తేనె కలిపిన ఆ సారా కార్డు మీద జిడ్డుగా మిగిలి తడిని పట్టుకుంటుంది. తీగల్లో వచ్చే సంకేతం మహా బలహీనం. జిడ్డు మీదుగా కరెంటు ఇసుమంత కారినా అంకె తప్పుతుంది.

దెసాంక భర్త గ్వోజ్దెన్ ఇక్కడే పనిచేసేవాడు. ఒక వాన రోజు ఇంటికి ఫోన్ చేశాడు. “అంకె మళ్ళీ పెరుగుతోందే, తడేనా?” క్యాబేజీ ఆకుల్లో మాంసం చుడుతున్న దెసాంక, “తడే, ఇంకేముంటుంది?” అంది. ఆయన దిగాడు. పైకప్పు కూలింది. అప్పటినుంచీ ఏ అంకె పెరిగినా ఆమెకు ఆయన గొంతే వినిపిస్తుంది. తడేనా, తడేనా అని.

ఆమె తీగలు ఊడదీసి, వాటి స్థానంలో, రాయి కదలనప్పుడు వాటికుండే నిరోధమే ఉన్న చిన్న రెసిస్టరు బిగించింది. ఇక రాయితో సంబంధం లేదు. అయినా అంకె పాకితే తప్పు కార్డుదే.

పెరుగు, పెరుగు అని లోలోపల బతిమాలుకుంది. కార్డు మీదే కరెంటు కారుతుంటే, ఆ రోజు తను చెప్పిన మాట కూడా నిజమే అయి ఉండవచ్చు.

అంకె సున్నాకు దిగి అక్కడే కూర్చుంది.

“కార్డు బాగానే ఉంది,” అంది దెసాంక. “కదిలేది రాయే. ఎవరూ దిగొద్దు.”

మిలోయ్కో హెల్మెట్ తీసేశాడు. వెనక నుంచి ఒక ముసలి కార్మికుడు పెట్టెకేసి చూస్తూ అడిగాడు.

“ఇంతేనా, అమ్మాయ్? గ్వోజ్దెన్ దిగిన రోజు కూడా తేల్చుకోడానికి ఇంత పనేనా?”

“ఇంత పనే, తాతా.”