బండికి ఫ్యాట్ చూసిన రోజు

ఏ వస్తువు కొనే ముందైనా పదిమందిని అడగమని పెద్దలు చెబుతారు. అడగండి. ఆ పదిమందిలో నేను లేకుండా మాత్రం చూసుకోండి. మూడు బండ్లలో ఏది గట్టిదో, ఏది నమ్మకమైనదో తేల్చమని ఊరు నన్ను కూర్చోబెడితే, నేను తేల్చిన తీరుకు వాగవతలి వాడ మొత్తం పాడి మీద ఆశ వదులుకోవాల్సి వచ్చేది. అది జరిగిన తేదీ, తిథి, నక్షత్రం అన్నీ నాకు గుర్తున్నాయి. ఇక్కడ రాయను. ఆ రోజును ఏటా పండుగలా చేసుకునే దుర్మార్గులు మా ఊళ్లో ఉన్నారు. వాళ్లకు నా చేత్తో సాక్ష్యం రాసివ్వలేను.

మాది నారాయణరావుపేట దగ్గరి పల్లె. అప్పట్లో ఊరి పాల కేంద్రానికి నేను అధ్యక్షురాలిని. పాలలో కొవ్వు ఎంతుందో చెప్పే ఫ్యాట్ మిషన్ నా చేతికింద ఉండేది. నేనూ దానికి తగినదాన్నే. చుక్క నీళ్లు కలిసినా నా కళ్లబడేది. నన్ను చూస్తే మనుషులే కాదు, బర్రెలు కూడా ఒళ్లు దగ్గర పెట్టుకుని పాలిస్తాయని మా ఆయన అనేవాడు. దాన్ని పొగడ్త అనుకునేంత తెలివి అప్పుడు నాకుండేది.

చిక్కల్లా వాగవతలి వాడతో వచ్చింది. ఆ వాడ పాలు మంచివి, బాట చెడ్డది. వాన పడితే ఆ రేగడి బురదలో ఆటో దిగదు, మోపెడ్ దిగితే పైకి రాదు. క్యాన్లు తలమీద మోసుకుని ఆడవాళ్లు వచ్చేసరికి పాల వ్యాను వెళ్లిపోయేది. ఒకనాడు రూటు సూపర్‌వైజర్ వచ్చి ఖరాఖండిగా చెప్పేశాడు.

"మేడం, శనివారం వ్యాన్ల నేనే వస్త. పాలు టైంకు రాకున్నా, ఫ్యాట్ తక్కువున్నా, ఆ వాడను రూట్లకెల్లి తీసేస్త. తర్వాత నన్నేమనొద్దు."

వాడ తరఫున మాట్లాడే నర్సవ్వ అక్కడే ఉంది. ఆమెవి రెండు బర్రెలు. ఇల్లు గడిచేది వాటి మీదే.

"వదినె, తీసేస్తే మేమేడికి పోవాలె? గా దళారోనికి పోస్తే వాడు పాలు కొలిచినట్టు కొలిచి, నీళ్ల రేటు గడ్తడు."

"ఫికర్ జెయ్యకు నర్సవ్వా, నేనున్న గద," అన్నాను. అసలు ఫికర్ చేయాల్సింది అందుకేనని ఆమెకు అప్పుడు తెలియదు.

దీనికి విరుగుడు మా ఆయన తెచ్చాడు. ఆయన భివండిలో మరమగ్గం నడిపి వచ్చిన మనిషి. మోటారున్న ఏ వస్తువు మీదైనా ఆయనకు అభిప్రాయముంటుంది. తొగుట దగ్గర రిజర్వాయర్ చూడవచ్చేవాళ్లను నాలుగు చక్రాల బైకుల మీద తిప్పే యాదగిరి అనే అతను దుకాణం ఎత్తేస్తున్నాడని, మూడు బండ్లున్నాయని, అందులో ఏదైనా ఒకటి కేంద్రానికి అమ్ముతానన్నాడని చెప్పాడు. లావుపాటి టైర్లు, బైకులాంటి హ్యాండిలు, వెనక క్యాను కట్టుకునే జాగా. బురద, గుట్ట, వాగు ఏదైనా దాటుతాయట.

మూడూ మూడు కంపెనీలవి. పేర్లు రాయను. ఎర్రది, నల్లది, నీలంది అంటే చాలు. మా ఆయన రాత్రంతా ఫోన్లో వీడియోలు చూసి పొద్దున్నే పాఠం అప్పజెప్పాడు.

"ఎర్రది తాకత్ల నంబర్ వన్. మంచు గుట్టలు గూడ ఎక్కుతదట."

"మన వాడల మంచెప్పుడు పడ్డది?"

"నీలంది మెత్తగ పోతది. కూసుంటే సోఫల కూసున్నట్టుంటదట."

"సోఫల కూసునేది పాలా, మనమా?"

"నల్లది మెల్లగ పోతది గని ఆగదట. తనది పదేండ్ల నుంచి నడుస్తున్నదని వీడియో కింద ఎవడో రాసిండు."

"ఆ రాసినోడు ఆ కంపెనీ వాని అల్లుడు గావొచ్చు," అన్నాను.

వీడియోలు చూసి బండి ఎంచడం నాకు నచ్చలేదు. మా దగ్గర ఎద్దును కూడా అంగట్లో చూసి కొనరు. పళ్లు చూస్తారు, తోక పట్టి చూస్తారు, నడిపిస్తారు. ఆ తర్వాత ఇంటికి తోలుకొచ్చి, కాడి కట్టి, అలసిపోయేదాకా దున్నించాక అప్పుడు బేరం. ఒక్క చాలు దున్ని నిలబడే ఎద్దు బలమున్నదే కావచ్చు, నమ్మకమున్నది కాదు. బండికీ ఇదే న్యాయం అని నిర్ణయించాను. పళ్లు లేవు కాబట్టి టైర్ల గాట్లు చూశాను. తోకలేదు కాబట్టి పొగగొట్టం పట్టుకున్నాను. అది వేడిగా ఉంది. అయినా అరవలేదు. పరీక్షాధికారి అరవకూడదు.

శుక్రవారం యాదగిరి మూడు బండ్లూ తెచ్చి కేంద్రం ముందు నిలబెట్టాడు. షెడ్డులో పెట్టబోతే ఆపాను.

"బయటనే ఉండని. రాత్రి వానల తడుస్తే తెలుస్తది దేని గుణమేందో."

"అక్కా, గవ్వి బండ్లు, బర్రెలు గావు."

"బర్రెలనైతే కొట్టంల కట్టేదాన్ని తమ్మీ."

శనివారం తెల్లవారింది. ఎర్రది బటన్ నొక్కగానే లేచింది. నల్లది రెండుసార్లు దగ్గి, బియ్యం మిల్లులా మొదలైంది. నీలంది చాలాసేపు ఆలోచించి ఒప్పుకుంది. మార్కులు చాక్‌పీసుతో తలుపు మీద వేశాను. ఇంతవరకు ఏ ఇంజనీరూ తప్పు పట్టడు. ఇక్కడ ఆగి ఉంటే ఈ కథే లేదు.

కానీ నాకు ఆ ఉదయమే ఒక గొప్ప ఆలోచన వచ్చింది. బండి గొప్పతనం బండిలో కాదు, అది మోసే పాలలో చూడాలి. ఆ రోజు వాడ పాలన్నీ ఒక పెద్ద గంగాళంలో కలిపించి, మూడు క్యాన్లలో సమానంగా పోయించాను. ఒక్కో క్యానుకు సగం వచ్చింది. మూతల మీద బట్ట చుట్టి, దారం కట్టి, నాకు తప్ప ఎవరికీ రాని ముడి వేశాను. ఎర్రదాని మీద యాదగిరి, నల్లదాని మీద మా ఆయన, నీలందాని మీద నర్సవ్వ. పొలానికి మోపెడ్ నడిపే మనిషి కాబట్టి ఆమెకు భయం లేదు.

వాడ నుంచి మూడూ వాగు దాటి కేంద్రానికి వచ్చాయి. వ్యాను రావడానికి ఇంకా బోలెడు సమయముంది. బుద్ధి ఉన్నదైతే క్యాన్లు దింపించుకునేది.

"దించాల్నా అక్కా?" యాదగిరి అడిగాడు.

"ఒక్క చాలుతోని ఎద్దు తెలుస్తదా? మళ్ల వాడకు పొయ్యి రాన్రి."

"పాలతోనేనా?"

"బరువు మారితే పరీక్ష ఎట్ల బరాబర్ ఐతది?"

పోయి వచ్చారు. మళ్లీ పంపాను. మళ్లీ పోయి వచ్చారు. యాదగిరికి హుషారొచ్చింది. ఎర్రబండి మదమెక్కిన కోడెదూడలా గట్టు ఎగిరి దూకి, రేగడి మీద తేలిపోయి, మిగతావి ఒకసారి వచ్చేలోపు రెండుసార్లు వచ్చేది. క్యాను లోపలి నుంచి గుబుక్ గుబుక్‌మని వినబడేది. ఆ చప్పుడు నాకు ఎర్రబండికి కొడుతున్న చప్పట్లలా తోచింది. నల్లది పెళ్లికి పోయే ముసలామెలా నిదానంగా నడిచింది. నీలంది మాత్రం రెండో దఫాలోనే వాగు మధ్య ఆగింది.

"వదినె! గిది పండుకున్నది!" నర్సవ్వ అక్కణ్నుంచి కేకేసింది.

నలుగురు పోయి దాన్ని ఊరేగింపు రథంలా మెల్లగా, ఒక్క కుదుపూ లేకుండా తోసుకొచ్చారు.

అప్పుడే వ్యానొచ్చింది. సూపర్‌వైజర్ దిగాడు. వాడ ఆడవాళ్లంతా వాకిట్లో చేరారు. ముడులు నా చేత్తో విప్పి, మూత సందులోంచి పొడుగు కాడ గరిటె లోపలిదాకా దించి, మూడు క్యాన్లలోంచి పాలు తీసి మిషన్‌లో పెట్టాను. నీలంబండి పాలకు బ్రహ్మాండమైన ఫ్యాట్ వచ్చింది. నల్లదానికి కొంచెం తక్కువ. ఎర్రదానికి... మిషన్ పాడైందనుకుని ఇంకోసారి పెట్టాను. అప్పుడూ అంతే. బర్రెపాలు కాదు, పాలు కడిగిన నీళ్లు.

"ఒక్క గంగాళం పాలే గద!" నర్సవ్వ ముందుకొచ్చింది. "సార్, మేం నీళ్లు గల్పలే. మల్లన్న మీద ఒట్టు."

"నేనేం జెయ్యలేనమ్మా," అన్నాడు సూపర్‌వైజర్. "ఫ్యాట్ లేకుంటే రూటు లేదు. ముందే చెప్పిన."

నాలోని న్యాయాధికారి లేచి నిలబడింది.

"పాలు వాడల మంచిగనే ఉన్నయి సార్. తొవ్వల పోయినయి." యాదగిరి వైపు తిరిగాను. "తమ్మీ, మీగడ ఏడ పెట్టినవ్?"

"ఏం మీగడ అక్కా?"

"పాలు తాగే పిల్లి కండ్లు మూసుకుంటదట. నువ్వు బండి మీద పోతుంటె మేమే మూసుకున్నం. గందుకేనా అంత జోరుగ ఉరికిచ్చింది?"

"గట్టు మీద ఎగురుకుంట మీగడ తింటానికి నాకేమన్న నాలుగు చేతులున్నయా?"

మా ఆయన మధ్యలో వచ్చాడు. "ఏమే, ముడి నువ్వే ఏసినవ్, నువ్వే ఇప్పినవ్. దొంగ ఎట్ల పోయిండు లోపటికి?"

"సందుల నుంచి."

"ఎంత సందు?"

"దొంగకు సరిపోయేంత."

అంతటితో ఆపలేదు. తలుపు దగ్గరకు పోయి తీర్పు రాశాను. నీలంబండి ఫస్టు. నల్లది సెకండు. ఎర్రది ఫెయిలు.

"నీలంది ఫస్టా?" మా ఆయన నోరు తెరిచాడు. "దాన్ని మేం తోసుకొచ్చినం!"

"ఎట్లనన్న రాని. తనను నమ్మి పోసిన పాలను కాపాడింది. నమ్మకమంటే గదే."

అన్నీ తెలిసినమ్మ అమావాస్యదాకా ఆగి చచ్చిందట. లెక్కలు తెలిసినమ్మకు అంత ఓపిక ఉండదు. "సార్, సాక్ష్యం సూపిస్త," అంటూ ఎర్రబండి క్యాను తెప్పించాను. మీగడ దొంగిలించినట్టు అడుగుదాకా అందరికీ కనబడాలని, ఖాళీ క్యాను మూతికి పాలు వడకట్టే జాలిగుడ్డ కట్టించి, పాలు నిదానంగా వంపించాను. సగం వంపగానే ధార ఆగింది. క్యాను ఇంకాస్త ఎత్తాను.

తప్!

కొబ్బరికాయంత తెల్లని ముద్ద జాలిగుడ్డ మీద పడింది. దాని వెనక నిమ్మకాయలంత పిల్లలు జలజలా రాలాయి. వెన్న! మచ్చలేని బర్రె వెన్న.

వాకిలంతా జాలిగుడ్డ చుట్టూ మూగింది. మొదట మా ఆయన అన్నాడు.

"దొంగ దొరికిండు."

పాఠకులారా, పెళ్లయిన నాటి నుంచి పొద్దున్నే కవ్వం పట్టి చల్ల చిలికినదాన్ని నేను. కుండను నిండా నింపకూడదని, సగం పోస్తేనే వెన్న పడుతుందని నా కోడళ్లకు నేర్పినదాన్ని. అలాంటిదాన్ని సగం క్యాను పాలు పోసి, ఊరిలో అన్నిటికంటే బలమైన ఇంజనుతో పొద్దున్నుంచి చిలికించి, వెన్నంతా అడ్డంగా గడ్డకట్టాక, కింద మిగిలిన పాలను మిషన్‌లో పెట్టి ఫ్యాటేదని అడిగాను. చల్లకొచ్చి ముంత దాచేవాళ్లుంటారు. నేను ముంత పట్టుకుని వీధిలో నిలబడి చల్లనే దొంగతనం చేశారని కేకలు వేశాను.

నీలంది ఎందుకు ఫస్టొచ్చిందో కూడా అప్పుడర్థమైంది. వాగులో పడుకున్న బండి పాలను చిలకదు.

"అక్కా," యాదగిరి గొంతు సవరించుకున్నాడు, "గీ వెన్న ఎవలది?"

"బర్రె మాది!" నర్సవ్వ అంది.

"చిలికింది నా ఎర్రది."

"నీ ఎర్రది గడ్డి తినదు, కుడితి తాగదు, వెన్నల వాటా మాత్రం గావాల్నా?"

సూపర్‌వైజర్ నవ్వలేక, నవ్వకుండా ఉండలేక, వ్యాను చక్రం వైపు తిరిగి నిలబడ్డాడు. కొంతసేపటికి తేరుకుని అన్నాడు. "మేడం, ఈ రెండు క్యాన్లు తీస్కుంట. మూడోది పాలు గాదు, నేను వెన్న కొననీకె రాలే. రేపొక్క దినం మళ్ల వస్త. క్యాను మూతి దాక నింపి, ఒక్కటే సారి తెప్పియ్యిన్రి. తెచ్చినంక మళ్ల పంపకున్రి."

ఆ చివరి మాట నా మొహంలోకి చూసి అన్నాడు.

నేను యాదగిరికి అందరి ముందు తప్పయిందని చెప్పాను. చెప్పడం కష్టమే. "గట్టిగ జెప్పు, వెనకోళ్లకు ఇనబడ్తలేదు," అని మా ఆయన అనడం ఇంకా కష్టం.

ఆ రాత్రి కురిసిన వానకు మర్నాడు బాట బాటలాగే లేదు. నర్సవ్వ ఎర్రబండి నేనే నడుపుతానంది. మూతిదాకా నిండిన చిన్న క్యాన్లు వెనక కట్టుకుని, కొంగు బిగించి, వాడ నుంచి బయల్దేరింది. నేను కేంద్రం గడపలో నిలబడి వాగు వైపే చూస్తున్నాను. వ్యాను హారన్ ఊరి చివర వినబడింది. వాగు దగ్గర ఏమీ కనబడలేదు. తర్వాత గట్టు మీద ఎర్రగా ఏదో లేచింది. అది దిగిన తీరుకు నా ప్రాణం నోట్లోకొచ్చింది. వ్యాను ఆగేసరికి బండి నా గడపముందుంది. నర్సవ్వ కనుబొమ్మలదాకా బురద.

సూపర్‌వైజరే స్వయంగా మిషన్ చూశాడు. నేను దూరంగా నిలబడ్డాను, అది ఎవరూ చెప్పకముందే.

"ఫ్యాట్ బరాబరున్నది. మీ వాడ రూట్లనే ఉంటది," అన్నాడు.

నర్సవ్వ బండి దిగకుండానే కళ్లు తుడుచుకుంది. తర్వాత నన్ను చూసింది.

"వదినె, నువ్వు ఫెయిల్ జేసిన బండి ఇది."

అదే కొన్నాం. పోటీలో చివరొచ్చినదాన్ని మెచ్చి కొన్న పరీక్షాధికారిని సిద్దిపేట జిల్లాలో నేనొక్కదాన్నేననుకుంటాను. వాడ పాలు ఇప్పటికీ దాని మీదే వస్తున్నాయి.

కాబట్టి, గంగాళం సాక్షిగా, జాలిగుడ్డ సాక్షిగా, ఇకమీద ఎవరు ఎన్ని బండ్లు తెచ్చి నా ముందు నిలబెట్టినా, ఏది గొప్పదని అడిగినా, అది చేరాల్సిన చోటికి చేరిందా లేదా అన్న ఒక్క ప్రశ్నే అడుగుతానని ప్రమాణం చేస్తున్నాను. దారిలో దాని గురించి పాలేమనుకున్నాయో చచ్చినా అడగను.