నాన్న ఎడమ వైపు

మా అమ్మకు చేపల మార్కెట్టంటే పడదు. ఆ నీచు వాసనకు తలనొప్పి వస్తుందని, నా చిన్నప్పటి నుంచీ నాన్నను ఒక్కణ్ణే పంపేది. అలాంటిది, పోయినేడు ఉన్నట్టుండి నాన్న ఎక్కడికి బయల్దేరినా ఆయనకంటే ముందే వెళ్లి కారులో కూర్చోవడం మొదలుపెట్టింది. ఆఖరికి ఆయన క్షవరానికి వెళ్లినా వెంట వెళ్లేదట. ఆయన కుర్చీలో ఉన్నంతసేపూ ఆవిడ బయట ఎండలో కారులో కూర్చుని ఉందని ఆ పక్కన రొట్టెల కొట్టు నడిపే ఆవిడ నాకు చెప్పింది.

ఈ వయసులో ఈ ముచ్చటేమిటని మొదట నవ్వుకున్నాను. తర్వాత నవ్వు రాలేదు. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే ఇద్దరి మాటలూ ఆగిపోయేవి. కారు ఎడమ అద్దానికి నల్లటేపు చుట్టి ఉంది. ఆ వైపు తలుపు మీద పొడుగాటి గీత.

"ఇదేటి నాన్నా?" అని అడిగాను.

"మార్కెట్టు కాడ ఎవుడో గుద్దీసి ఎల్లిపోనాడు."

"నువ్వు సూసినావా?"

"సూస్తే వాణ్ణి ఒగ్గేద్దునేటి?"

అమ్మ ఏదో పనున్నట్టు వంటింట్లోకి వెళ్లిపోయింది.

నాన్న ఎస్టేటులో పామాయిలు గెలల లారీ నడిపినవాడు. వానకు జారిపోయే మట్టిదారుల్లో నిండు లారీని వెనక్కి నడుపుకుంటూ వచ్చేవాడు. ఎస్టేటు పోయాక బంటింగ్ పట్నంలో ఫ్యాక్టరీ బస్సు తోలాడు. నాకు డ్రైవింగు నేర్పింది ఆయనే. అలాంటి మనిషి కారు మీద ఆ గీత ఎలా పడింది? దారులు మరిచిపోతున్నాడా? అమ్మకేదైనా జబ్బు చేస్తే నాకు చెప్పకుండా ఆసుపత్రికి తిప్పుతున్నాడా? రకరకాలుగా అనుమానపడ్డాను.

దూరాన సుంగై పెటాని ఊళ్లో ఉన్న అన్నకు ఫోన్ చేశాను. "వయసైపోనాది లా. కారు తీసీసుకో" అన్నాడు, ఇక్కడి అలవాటు కొద్దీ మాట చివర 'లా' తగిలించి. ఆ మాట నాన్న చెవిన పడింది.

"అన్నా సెల్లెలూ కలిసి నా కారుకి ఎసరు పెట్టినారా?" అన్నాడు.

ఆ రోజు నుంచి మేం ఒకరినొకరం కనిపెట్టుకుని ఉండడం మొదలైంది. నేను వెళ్లినప్పుడల్లా లోపలికి పోయే ముందు కారు బానెట్ మీద చెయ్యి పెట్టి చూసేదాన్ని, వేడిగా ఉందేమోనని. ఆయన ఎడమ వైపు గోడకు ఆనేలా కారు నిలిపి, అడ్డంగా పూలకుండీలు పెట్టాడు.

ఒక ఉదయం వాళ్లకు తెలియకుండా నా కారులో వెనకాలే వెళ్లాను. క్లాంగ్ రోడ్డు ఎక్కే సింపాంగ్ దగ్గర, ఆ కూడలిలో, రోడ్డంతా ఖాళీగా ఉన్నా నాన్న కారు కదల్లేదు. వెనక బళ్లు హారన్ కొడుతున్నాయి. అమ్మ తల ముందుకు వంగింది, ఎడమకు తిరిగింది, చెయ్యి ఊపింది. అప్పుడు కదిలింది కారు. తర్వాతి మలుపులోనూ అంతే.

మర్నాడు నా కారు వర్క్‌షాపులో ఉందని అబద్ధం చెప్పి వాళ్ల వెనక సీట్లో ఎక్కాను.

"నిన్న బాగానే ఉంది గదా నీ కారు?" అద్దంలోంచి నన్నే చూస్తూ అన్నాడు నాన్న.

అమ్మ పెదాలు కదుపుతుంటే దేవుణ్ణి తలుచుకుంటోందనుకున్నాను. చెవిపెట్టి విన్నాను.

"మోటారుబండొత్తంది... ఎల్లిపోనాది. ఇప్పుడెల్లు. ఎడంపక్క లారీ ఆగుంది, కొంచిం అటు తియ్యి..."

ముందు ఒక ఆడపిల్ల రోడ్డు ఎడమ అంచున సైకిలు తొక్కుకుంటూ పోతోంది. చాలా దూరం నుంచే నాకు కనిపిస్తోంది. అమ్మకూ కనిపిస్తోందనే అనుకున్నాను. కానీ ఆ క్షణంలో అమ్మ వెనక్కి తిరిగి నన్నేదో అడగబోయింది. కారు ఎడమకు ఒరిగింది.

"నాన్నా, ఆగు!" అని అరిచాను.

బ్రేకు పడింది. ఆ పిల్ల తూలి, కాలు నేల మీద ఆనించి నిలదొక్కుకుని, మా వైపు ఒక చూపు చూసి వెళ్లిపోయింది.

"ఎక్కణ్ణించి ఊడిపడిందిది?" అన్నాడు నాన్న. నిజంగానే అడిగాడు.

కారు పక్కకు తీయించాను. "నాన్నా, తల తిప్పకండా సెప్పు. అమ్మ సేతిలో ఏటుంది?"

అమ్మ చప్పుడు చెయ్యకుండా గొడుగు పైకెత్తింది.

నాన్న ముందుకే చూస్తూ కాసేపు ఆలోచించాడు. "ఏటుంటాది? సంచి."

ఆయన తల తిప్పి గొడుగు చూశాడు. అమ్మ ఏడుపు మొదలుపెట్టింది. "కొంచిం మసకగుందన్నాడే. ఇంతలా పోనాదని నాకూ తెల్దు."

"మీరిద్దరూ ముందే అనుకొనొచ్చినారు" అన్నాడు నాన్న. అన్నాడే గానీ, దిగి చుట్టూ తిరిగి వచ్చి అమ్మ సీటు పక్కన నిలబడ్డాడు. అమ్మ వెనక్కి మారింది. తిన్నగా కంటి ఆసుపత్రికి నేనే నడిపాను.

కంటిలో ఒత్తిడి పెరిగి పక్కచూపు పోయిందని, పోయింది తిరిగి రాదని, మందుచుక్కలతో మిగిలింది కాపాడుకోవాలని, ఇక స్టీరింగు ముట్టుకోవద్దని చెప్పింది డాక్టరమ్మ. బయటికొచ్చాక నాన్న నా వైపు అదోలా చూశాడు.

"నిన్నే ఫోన్ సేసి సెప్పీసినావేటి ఆవిడికి?"

తనకు నచ్చిన ఇంకో డాక్టరు దగ్గరికి అమ్మను వెంటబెట్టుకుని బస్సులో క్లాంగ్ వెళ్లాడు. నన్ను రావద్దన్నాడు. అక్కడా అదే మాట చెప్పారని అమ్మ ఫోన్‌లో గుసగుసగా చెప్పింది. అయినా తాళం మాత్రం ఆయన జేబులోంచి కదల్లేదు. నడపనని నోటితో అన్నాడు, నేను నమ్మలేదు. చెప్పాపెట్టకుండా ఏ వేళప్పుడో వెళ్లి చూసొచ్చేదాన్ని.

అలా ఒక మధ్యాహ్నం వెళితే వాకిట్లో కారు లేదు. లోపలికి పరుగెత్తాను. నాన్న టీవీ ముందు కూర్చుని నూడుల్స్ తింటున్నాడు.

"కారేదీ?"

"అమ్మీసినాను."

"ఎవుళికి? నాకొక్క మాట సెప్పనేదేటి?"

"నీకు సెప్తే నీ అన్నకి సెప్తావు. మీరమ్మక ముందే నానే అమ్మీసినాను. నా కారు, నా ఇష్టం."

అమ్మ వైపు చూశాను. తనకూ పొద్దున కొన్నవాళ్లొచ్చి తోలుకుపోయేదాకా తెలీదన్నట్టు చేతులు తిప్పింది. కోపం రావాలి. రాలేదు. ఆయన పక్కనే కుర్చీ లాక్కుని కూలబడ్డాను.

నాన్న గిన్నె కింద పెట్టి మూతి తుడుచుకున్నాడు.

"సోమారం కంటి డాక్టరు కాడికి ఎల్లాల. బస్సులో కుదుపుకి నా నడుం పోతంది. నువ్వే తీసికెల్లు."

"సరే."

"పెందలాడే రా. నువ్వు మరీ మెల్లిగా నడుపుతావు."