బంగారు బల్లిని ముట్టిన చేయి

మా ఇంటికి బల్లి వస్తోందన్న కబురు నాకు మొదట చెప్పింది ఎదురింటి పిన్ని. నాతో నేరుగా చెప్పే ధైర్యం లేక మా అమ్మాయి ఆ మాట ముందుగా ఆమె చెవిన వేసింది.

"ఏమే, మీ పిల్ల బల్లిని పెంచుకుంటదంట గదా! మీ గోడల మీదుండయ్యి చాల్లేదా?" అని నవ్వుతూ వచ్చింది పిన్ని.

నాకు నవ్వు రాలేదు. నా చూపు మధ్యగది వైపు పోయింది. అది మా అత్తయ్య గది.

ఇక్కడ అత్తయ్య సంగతి చెప్పాలి. మా వీధిలో కంచికి వెళ్ళి, అక్కడి గుడిలో బంగారు బల్లిని ముట్టుకుని వచ్చింది ఆమె ఒక్కరే. మీద బల్లి పడినవాళ్ళు తలస్నానం చేసి ఆమె దగ్గరకు వస్తారు. "కుడా, ఎడమా?" అని అడిగి, ఆమె తన కుడిచేయి చాస్తారు. ఆ చేతిని ముట్టుకుంటే దోషం పోతుందని నమ్మకం. నేను బడికి పోయినదాన్ని కాను. మా నాన్న ఇంట్లోనే పంచాంగం ముందు పెట్టుకుని నాకు చదవడం నేర్పారు. బల్లి ఎక్కడ పడితే ఏం ఫలమో చెప్పే పేజీ అప్పుడే కంఠతా వచ్చింది. కాబట్టి ఆ నమ్మకాన్ని తేలిగ్గా తీసుకునే మనిషిని కాను.

అత్తయ్య ఆ చేతితో మామూలు బల్లిని ఎన్నడూ తాకలేదు. చీపురుతో తోలాల్సి వచ్చినా ఎడమచేత్తోనే. "బంగారు బల్లిని ముట్టిన చెయ్యే ఇది. గోడబల్లిని ముడితే ఇంకెవరికీ పనికిరాదు" అనేవారు. మామయ్య పోయి, ఆమెకు పొలం పనులు చేతకాకుండా అయ్యాక, ఎవరైనా వెతుక్కుంటూ వచ్చేది ఆ చేతి కోసమే.

అలాంటి ఇంటికి వచ్చింది ఆ బల్లి. దాన్ని క్రెస్టెడ్ గెక్కో అంటారట. ఎక్కడో సముద్రం మధ్య దీవిలో చెట్ల మీద బతికే జాతి. బెల్లం రంగు ఒళ్ళు, కళ్ళ పైన కనురెప్పల వెంట్రుకల్లాంటి చిన్న ముళ్ళు. గుంటూరులో అమ్మాయి స్నేహితురాలు ఇల్లు మారుతూ, పెంపకానికి కావాల్సిన అనుమతి కాగితాలతో సహా అప్పగించింది.

అత్తయ్య దూరం నుంచే చూసి, "మీ ఇష్టం. నా గడప మాత్రం దాటకూడదు" అన్నారు. అంతమాత్రం ఒప్పుకున్నందుకే దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

దాని ఇల్లు నేనూ అమ్మాయీ కలిసే అమర్చాం. చెట్లెక్కే ప్రాణి కాబట్టి వెడల్పు కంటే ఎత్తు ఎక్కువున్న అద్దాల పెట్టె, పైన జాలీ మూత. అడుగున కొబ్బరిపీచు పొడి మందంగా పరిచాం. చింతకొమ్మలు తెచ్చి, పురుగూ పుట్రా పోయేలా కాగులో ఉడకబెట్టి, ఎండలో ఆరబెట్టి అడ్డంగా అమర్చాం. ఒక మూలన మనీప్లాంట్ కుండీ. బట్టలు ఇస్త్రీ చేసేటప్పుడు వాడే సీసాతో పొద్దునా సాయంత్రం నీళ్ళు చిలకరించడం నా పని. పండ్లపొడిని నీళ్ళలో కలిపి చిన్న మూతలో పెట్టేదాన్ని. అన్నీ చేసేదాన్ని గాని దాన్ని ముట్టుకోలేదు.

"తోక మాత్రం పట్టుకోవద్దమ్మా. భయపడితే ఊడిపోద్ది. మన బల్లికి మాదిరి మళ్ళీ రాదు" అని అమ్మాయి పదేపదే చెప్పేది. ఇంకో మాట కూడా చెప్పింది. పెట్టెలో వేడి ఇరవై ఎనిమిది డిగ్రీలు దాటితే దానికి ప్రమాదం.

మాది గురజాల. పక్కనే ఉన్న రెంటచింతల పేరు ప్రతి వేసవిలో టీవీలో ఎండల వార్తల్లో వింటూనే ఉంటారు. ఆ మాట విన్నప్పటి నుంచే నాకు దిగులు మొదలైంది. మా ఆయన "నాకు లేని ఏసీ దానికంట" అని గొణిగి, పెట్టెను ఏసీ ఉన్న అమ్మాయి గదిలో పెట్టించారు. మే నెల దాకా అలా గడిచింది.

ఆ రోజు అమ్మాయి నరసరావుపేటలో పరీక్ష రాస్తోంది. మా ఆయన పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు పనికి వెళ్ళారు. ఎండ నడినెత్తిన ఉండగా కరెంటు పోయింది.

పిన్ని వాకిట్లోంచే కేకేసింది. "ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిందంట! సాయంత్రం దాకా రాదంట!"

గదిలోకి పరుగెత్తాను. అద్దానికి అంటించిన థర్మామీటరు ఇరవై ఎనిమిది చూపిస్తోంది. అమ్మాయి ఫోను ఆపేసి ఉంది. చల్లబడుతుందని నీళ్ళు బాగా కొట్టాను. మూసిన గదిలో ఆ తడి ఆవిరై అద్దాలు చెమర్చాయి. ముప్పై దాటింది. పగలంతా ఆకుల చాటున నిద్రపోయే ప్రాణి కిందికి దిగివచ్చి, నోరు తెరిచి రొప్పుతోంది.

ఇంట్లో చల్లని చోటు ఒక్కటే. అత్తయ్య గది. సున్నంతో కట్టిన మందపాటి రాతిగోడలు, నాపరాళ్ళ నేల, తడి ఇసుకలో కూర్చున్న మంచినీళ్ళ కుండలు. పెట్టె మోయడం నా ఒక్కదాని వల్ల కాదు. దేవుణ్ణి తలుచుకుని పెట్టెలో చేయి పెట్టాను. అది మెల్లగా నా మణికట్టు మీదికి ఎక్కింది. చిన్న చిన్న పాదాలు అంటుకుంటూ, విడుస్తూ. పైన తడిగుడ్డ కప్పి నడిచి గడప దగ్గర ఆగాను. అత్తయ్య గడపకు అవతలే, మంచం మీద కూర్చుని ఉన్నారు.

"ఏందే?"

"ఇది చచ్చిపోయేట్టుంది అత్తయ్యా."

నేను గడప దాటలేదు. గుడ్డ కొంచెం తొలగించి చూపించబోయాను. అది ఎగిరింది. తిన్నగా అత్తయ్య భుజం మీద పడింది.

ఆమె కదల్లేదు. ఎదురుగా చూస్తూనే అడిగారు.

"కుడా, ఎడమా?"

ఆడవాళ్ళకు కుడివైపు మంచిది కాదు. ఆ పేజీ నా కళ్ళముందు ఉంది. అబద్ధం నోటికి రాలేదు.

"కుడి, అత్తయ్యా."

నేను చేయి చాచాను గాని గడప ఇవతలి నుంచి అందలేదు. ఈలోగా బల్లి పట్టు సడలి రవిక మీద నుంచి కిందికి జారసాగింది. కింద నాపరాయి. అత్తయ్యకు ఆలోచించుకునే వ్యవధి ఉందో లేదో నాకు తెలియదు. తన కుడి అరచేయి తిప్పి దాని కింద పట్టారు. అది అందులోకి జారి పడుకుంది.

"ఒళ్ళు కాలిపోతందే దీనికి! పసిబిడ్డకు జరమొచ్చినట్టుంది. చూస్తా నిలబడతావేంది, లోపలికి రా! ఆ కొత్త కుండ ఇటియ్యి!"

గడప దాటాను. కుండను తడి ఇసుకలో పక్కకు వాల్చి, బల్లిని లోపల పెట్టి, మూతికి తడిగుడ్డ కట్టాం. అత్తయ్య వేలితో నీటిబొట్టు అందించారు. అది నాకలేదు. మళ్ళీ అందించారు. విష్ణునామాలు నా పెదవుల మీదే ఉన్నాయి. ఎంతసేపటికో అది నోరు మూసింది. నాలుక చాపి తన కన్ను తానే తుడుచుకుంది. తర్వాత అత్తయ్య వేలు నాకింది.

"బతికిందిలే" అన్నారు ఆమె. కరెంటు ఆ తర్వాత చాలాసేపటికి వచ్చింది.

కొన్నాళ్ళకు పిన్ని తలస్నానం చేసి తడిజుట్టుతో వచ్చింది. అత్తయ్య చేయి చాచలేదు.

"ఇది బల్లిని ముట్టిన చెయ్యమ్మా. ఇంక పనికిరాదు."

దాచి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. పిన్ని "పోనీలే వదినా, పై బజారులో కంచికి పోయొచ్చినోళ్ళు ఎవరో ఉండారంట" అని వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆ చేతి కోసం వచ్చేవాళ్ళు తగ్గారు. అత్తయ్య పెట్టెను తన గదిలోకి మార్పించుకున్నారు. నీళ్ళు చిలకరించేది ఇప్పుడు ఆమే, ఆ చేత్తోనే.

మొన్న వంటింట్లో నా మీద బల్లి పడింది. తలస్నానం చేసి నేరుగా ఆమె ముందు నిలబడ్డాను. ఆమె నన్ను ఎగాదిగా చూశారు.

"పై బజారుకు పోరాదటే?"

"పోను."

ఆమె "కుడా, ఎడమా?" అని చేయి చాచారు.

ఇది చదివిన మీకు ఒక మనవి. ఎప్పుడైనా మీ మీద బల్లి పడి, కంచికి వెళ్ళొచ్చినవాళ్ళు దగ్గర్లో లేకపోతే, గురజాలలో ఉన్న మా అత్తయ్యను ఒక్కసారి తలుచుకోండి. ఆ చేయి ఇంకా పనిచేస్తుంది.