ఓడెక్కాక మిరియాలు ఎవరివి?

మా తౌకే, అంటే షావుకారు, క్వెక్ సూన్ హప్‌కి ఒకటే జబ్బు. ఏ బేరం కుదిరినా "దారిలో పాడైతే ఎవరి నెత్తిన? గొడవొస్తే ఏ ఊరి చట్టం?" అని తేల్చుకోందే ఆయనకు నిద్రపట్టదు. సింగపూర్‌లో మిరియాల వ్యాపారం ఆయనది, ఆయన వెనకాల సంచి మోసే ఉద్యోగం నాది.

ఆఫీసు కింద కాఫీ కొట్టువాణ్ణీ వదిలేవాడు కాదు.

"అహ్ సెంగ్, ఇది ఒలికితే నష్టం ఎవరిది?"

"కప్పు నా చేతిలో ఉన్నంతసేపూ నాది. తర్వాత మీ ప్యాంటుది, తౌకే!"

కూతురి పెళ్లి విందులో అల్లుణ్ణి పక్కకి లాగి, "మీ ఇద్దరికీ మాటామాటా వస్తే ఏ ఇంటి చట్టం నాయనా?" అన్నాడు. "మీ అమ్మాయి చట్టమే మామయ్యా" అన్నాడు కుర్రాడు. ఆ ఒక్క జవాబుతో ఆయనకు తెగ నచ్చేశాడు.

సముద్రానికి అవతల, మలేషియాలోని సారవాక్‌లో మిరియాల తోట ఉండి మాకు సరుకు అమ్మే మాయాంగ్ ఆంటీకి ఇంత ఓపిక లేదు.

"సంతకం పెట్టేస్తా, ఇలా ఇవ్వండి. అన్నం చల్లారిపోతోంది."

"ఆగమ్మా! ఓడెక్కేదాకా సరుకు నీది, ఎక్కాక నాది. చట్టం మీ సారవాక్‌ది, కోర్టూ మీ ఊరిదే. విన్నావా?"

"ఇంత మంచిగా చెబుతున్నాడంటే ఏదో మెలిక ఉంది" అని ఆవిడ నా చెవిలో గొణిగింది. కొనేవాడెవడైనా తన ఊరి చట్టమే రాయించుకుంటాడు కాబట్టి నాకూ అదే అనుమానం.

ఆ సరుకు కాస్తా సముద్రంలో తడిసి, బూజు పట్టి దిగింది. కబురందిన కొన్నాళ్లకే ఆంటీ మా గోదాము ముందు ప్రత్యక్షమైంది. వెనక లారీలో, ఓడ మీద వెంట తెచ్చిన తన చెల్లెలి పంటంతా ఉంది. ఆ ఇంటికి ఏడాదంతా గడవాల్సింది దానితోనే.

"ఇవి తీసుకోండి. ఇచ్చింది పాడైతే మళ్ళీ ఇవ్వడం మా ఊరి కట్టుబాటు. మా చట్టమేనని మీరేగా రాయించారు!"

తౌకే లారీ దాకా నడిచి ఒక బస్తా తడిమి చూశాడు. తీసుకుంటాడా ఏమిటి?

"ఓడెక్కాక ఆ మిరియాలు ఎవరివి?" అన్నాడు తౌకే.

"మీవి."

"నావి పాడైతే నువ్వెందుకు ఇస్తావు? బీమావాళ్లతో నేను తేల్చుకుంటాను. ఇవి ఊరికే తీసుకుంటే ఒప్పందం తప్పినవాణ్ణి నేనవుతాను!"

ఆంటీ గోదాము మెట్టు మీద కూలబడి, కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. హమ్మయ్య అనుకున్నాను.

"మరి చట్టం మాదెందుకు పెట్టారు తౌకే?"

"నేను మీ ఊరు రావాలంటే విమానం టిక్కెట్టు చాలు. నువ్వు మా కోర్టుకి రావాలంటే లాయర్ల ఖర్చుకే తోట అమ్ముకోవాలి" అని విసుక్కున్నాడు. "సరే, మీ చెల్లెలి సరుకు నేనే కొంటాను. దారిలో పాడైతే..."

"దారెక్కడిది? మీ గుమ్మంలోనే ఉన్నాయిగా!"

తౌకే లారీ వైపు చూశాడు.

"దించేటప్పుడు?"

ఆంటీ లేచి, లారీలోంచి ఒక బస్తా ఎత్తి ఆయన చేతుల్లో పెట్టేసింది.

"ఇక మీదే."