కమిటీకి కొసరి కొసరి వడ్డించాను

మా యూనివర్సిటీకి రావలసిన క్రీడా కేంద్రాన్ని నేనొక్కణ్ణే, ఎవరి సాయమూ లేకుండా, అరిటాకులో వడ్డించి వేరే జిల్లాకు సాగనంపాను. చదివి మీరు నవ్వుతారని తెలుసు. నవ్వండి, నాకేమీ అభ్యంతరం లేదు. సగం దాకా నేను కూడా నవ్వుతూనే చెబుతాను. ఆ తరువాత నాకు తలెత్తడం కష్టమవుతుంది, అప్పుడు మాత్రం కాస్త ఓపిక పట్టండి.

అప్పటికి నేను ఉద్యోగంలో కొత్త. రాజమండ్రికి కొంచెం దూరంలో ఉన్న ఆ ప్రభుత్వ యూనివర్సిటీలో కాంట్రాక్టు ఫిజికల్ డైరెక్టర్ని. పేరు సూరిబాబు, మాది కొవ్వూరు పక్క పల్లె. ఆటల్లో నా ప్రతిభ అంతంత మాత్రమే గానీ, పెళ్ళిళ్ళలో వడ్డనకు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళంతా నన్నే పిలిచేవారు. వద్దు మొర్రో అని ఆకు మీద రెండు చేతులూ అడ్డం పెట్టినా, ఆ వేళ్ళ సందులోంచి గారె జారవిడిచే నేర్పు నాది. ఆ నేర్పే కొంప ముంచింది.

మా వైస్ ఛాన్సలర్ గారు ఆ ఏడాది పొరుగు రాష్ట్రంలో ఏదో సదస్సుకు వెళ్ళి, అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీ స్టేడియం చూసి వచ్చారు. అప్పట్నుంచి ఆయనకు నిద్ర లేదు, మమ్మల్నీ నిద్రపోనివ్వలేదు. సింథటిక్ ట్రాక్ కావాలి. ఈతకొలను కావాలి. గోదావరిని పక్కనే పెట్టుకుని పడవ పందేలకు జట్టు లేకపోతే ఎలా, అదీ కావాలి. మీటింగులో ఆయన ఒక్కొక్కటే చెబుతుంటే ఫైనాన్స్ ఆఫీసర్ గారికి దగ్గు తెర ముంచుకొచ్చేది. పాపం, ఆయన తప్పేమీ లేదు. అప్పట్లో మా క్రీడా విభాగం ఆస్తి మొత్తం ఒక ఇనప బీరువాలో పట్టేది, అందులో సగం గాలి పోయిన బంతులు. మైదానానికి ప్రహరీ లేదు. కోతల రోజుల్లో పక్క చేల రైతులు ట్రాక్ మీద ధాన్యం ఆరబోసుకునేవారు. మా పిల్లలు గింజలు తొక్కకుండా చుట్టూ తిరిగి పరిగెత్తేవారు, అందుచేత మా నాలుగు వందల మీటర్ల పందెం ఏ రెండు రోజులూ ఒకే దూరం ఉండేది కాదు.

ఈ కోరికలన్నీ తీరడానికి ఒక్కటే దారి కనిపించింది. ప్రభుత్వం కొన్ని యూనివర్సిటీలకు క్రీడా కేంద్రాలు ఇవ్వాలనుకుంది. ఒక కమిటీ వస్తుంది, మైదానం చూస్తుంది, పిల్లల ఆట చూస్తుంది. నచ్చితే ట్రాకు, కోచ్, ఆటగాళ్ళకు ఉచితంగా హాస్టలు, అన్నిటికీ డబ్బు మంజూరవుతుంది.

మా మైదానం చూపించుకునేది కాదు, దాచుకునేది. చూపించదగ్గది మా దగ్గర ఉన్నదల్లా నూకరత్నం. ఉప్పాడ నుంచి వచ్చిన మొదటి సంవత్సరం అమ్మాయి. తండ్రి వేటకు వెళతాడు, తల్లి చేపలమ్ముతుంది. వాళ్ళ ఇంటిని సముద్రం ఒకసారి మింగేసింది, మళ్ళీ కట్టుకున్న ఇంటి గడప దాకా వచ్చి కూర్చుంది. ఇసకలో పరిగెత్తి పెరిగిన కాళ్ళేమో, గట్టి నేల మీద నిలబెడితే ఆ పిల్లను పట్టుకోవడం మా మగపిల్లల వల్ల కూడా అయ్యేది కాదు.

కమిటీ వస్తోందని తెలిసిన రోజు రత్నం నా దగ్గరకొచ్చింది.

"ఆ కేంద్రం వస్తే హాస్టలుకి కట్టక్కర్లేదు కదండి సార్. లేకపోతే ఈ ఏడాదితో చాలంటున్నాడండి మా నాన్న. అక్కతో పాటు రొయ్యల కంపెనీలో చేరిపొమ్మంటున్నాడు."

"నువ్వు పరిగెత్తు చాలమ్మా. మిగతాదంతా నేను చూసుకుంటాను," అన్నాను.

చూసుకున్నాను. ఎలా చూసుకున్నానో చిత్తగించండి.

వి.సి. గారు నన్ను పిలిచి, వచ్చేవాళ్ళకు ఏ లోటూ రాకూడదన్నారు. ఆయన మనసులో మైదానం ఉందని నాకిప్పుడు తెలుస్తోంది. అప్పుడు నా కళ్ళకు కనిపించింది మాత్రం విస్తరి. మన గోదావరి జిల్లాల వాళ్ళ సంగతి మీకు వేరే చెప్పాలా? ఇంటికి దొంగ వచ్చినా కాళ్ళు కడుక్కోమని చెంబు ఇచ్చే రకం. రత్నం, దాని స్నేహితులూ సున్నంతో ట్రాక్ గీతలు గీసుకుంటుంటే, నేను గెస్ట్ హౌస్ వెనక గాడిపొయ్యి పక్కన కూర్చుని పనసపొట్టు కూరలో ఆవ సరిపోయిందా లేదా అని అరచేతిలో వేయించుకుని రుచి చూస్తున్నాను. ట్రాక్ మీద ఎన్ని గీతలు పడ్డాయో నన్నడక్కండి. ఆకు మీద ఎన్ని రకాలు పడ్డాయో మాత్రం ఇప్పటికీ తడుముకోకుండా చెప్పగలను.

ఆ రోజు పొద్దున్నే రత్నం వాళ్ళమ్మ పోలమ్మ మొదటి బస్సుకే దిగింది, నెత్తి మీద చేపల బుట్టతో. రాత్రి వలలో పడ్డ వంజరాలు, చందువలు. డబ్బులివ్వబోతే తీసుకోలేదు. మా పిల్ల పరుగు చూడ్డానికొచ్చే పెద్దోళ్ళకి పెట్టండి బాబూ అని, తాను వెళ్ళి మైదానం అంచున కూర్చుంది.

కమిటీలో ముగ్గురు. ఛైర్మన్ గారు ఒకప్పుడు స్వయంగా పరుగు పందేలు గెలిచిన మనిషి, ఆ వయసులోనూ కొరడాలా ఉన్నారు. రైలు ఆలస్యమై పన్నెండు దాటాక దిగారు. దిగుతూనే గడియారం చూసుకున్నారు.

"ముందు గ్రౌండ్ చూసేద్దామండి. సాయంత్రం మళ్ళీ మాకు రైలుంది."

ఇక్కడ నేను నోరు మూసుకుని ఉంటే ఈ కథే లేదు.

"అదేంటండి, మా ఊరొచ్చి ఖాళీ కడుపుతో ఎండలో నిలబడతారా? మా పరువేం కావాలండి? రెండు ముద్దలు తిని వెళుదురుగాని రండి."

"తింటే కదల్లేమండి."

"తేలిక భోజనమేనండి," అన్నాను.

వంజరం పులుసు, చందువ వేపుడు, నాటుకోడి, పనసపొట్టు, గుత్తివంకాయ, పులిహోర, బొబ్బట్టు మీద నెయ్యి. ఇదీ నా తేలిక భోజనం. గేదె పెరుగు సంగతి ఇంకా చెప్పనే లేదు, గరిటె గుచ్చితే నిలబడింది.

వడ్డన మొదలుపెట్టబోతుంటే గుమ్మంలో రత్నం కనిపించింది. కొత్త బనీను, కాళ్ళకు స్నేహితురాలి బూట్లు. ఎప్పుడండి సార్ అని మెల్లగా అడిగింది. పది నిమిషాలమ్మా, ఒళ్ళు వేడెక్కించుకుంటూ ఉండు, అన్నాను. పరుగుందని పొద్దుటి నుంచి ఒక్క అరటిపండు మీద ఉంది ఆ పిల్ల. లోపల వాళ్ళమ్మ తెచ్చిన చేపల పులుసు ఘుమఘుమలాడుతోంది. ఈ రెండూ ఒకే గుమ్మానికి అటూ ఇటూ ఉన్నాయని నా బుర్రకు తట్టనే లేదు.

ఇక నా విజృంభణ చూడాలి. ఛైర్మన్ గారు చెయ్యి అడ్డం పెట్టారు, నేను సందు చూసుకున్నాను. ఆయన ఆకు మడవబోయారు, నేను మడత లోపలికే బొబ్బట్టు తోశాను. మా ఇంటి మీద ఒట్టండి అన్నాను, మళ్ళీ ఎప్పుడొస్తారండి అన్నాను, ఇది తినకపోతే వంటావిడ ఏడుస్తుందండి అన్నాను. ఏడవడానికి అక్కడ వంటావిడ ఎవరూ లేరు, వండిన వాళ్ళంతా మీసాలున్న మగవాళ్ళే. మిగతా ఇద్దరూ అయితే మొహమాటం రెండో కూరతోనే వదిలేశారు. వి.సి. గారు కూడా పంక్తిలోనే కూర్చున్నారు. పెరుగన్నం దగ్గరకొచ్చేసరికి ఆయన మొహంలో సింథటిక్ ట్రాక్ లేదు, స్టేడియం లేదు, ఒక్క ప్రశాంతత తప్ప ఏమీ లేదు.

చెయ్యి కడుక్కున్న ఛైర్మన్ గారు గెస్ట్ హౌస్ మంచం మీద అలా నడుం వాల్చారు. ఐదు నిమిషాలే అన్నారు. మిగతా ఇద్దరూ ఆ మాట కూడా అనలేదు. నేను తలుపు దగ్గరకు వేసి, ఏ.సి. పెంచి, ఎవరూ చప్పుడు చెయ్యకుండా గుమ్మం ముందు కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాను. నా అంత సమర్థుడు జిల్లాలో లేడని లోపల్లోపల పొంగిపోతున్నాను కూడా.

మూడయింది. రత్నం మళ్ళీ వచ్చింది. మొహం వాడిపోయింది.

"సార్, లేపండి సార్. ఇంకో గంటలో వెళ్ళిపోతారంటున్నారండి."

"తిని పడుకున్న అతిథిని లేపకూడదమ్మా. పాపం."

ఆ పిల్ల నా వంక చూసింది. వెళ్ళిపోయింది. నేను రాసిన దాంట్లో మీరు దేనికి నవ్వినా ఫరవాలేదు గానీ, దీనికి నవ్వకండి. నాకు ఇప్పటికీ ఆ చూపు తలుచుకుంటే అన్నం దగ్గర కూర్చున్నా సరే చెయ్యి ఆగిపోతుంది.

నాలుగు దాటాక ఛైర్మన్ గారు ఉలిక్కిపడి లేచారు. రైలు, రైలు అంటూ ముగ్గురూ కారెక్కారు. దారిలో మైదానం పక్కనుంచే వెళతాం కదా, కారు కాస్త నెమ్మదిగా పోనిస్తే చూసేస్తామన్నారు. హమ్మయ్య అనుకుని నేను ముందు సీట్లో కూర్చున్నాను.

కారు మైదానం మలుపు తిరగ్గానే రత్నం పరుగందుకుంది. ఎవరూ ఈల వెయ్యలేదు, ఎవరూ గీత దగ్గర నిలబెట్టలేదు. కారును చూసి తనంతట తానే మొదలుపెట్టింది. ఖాళీ కడుపుతో, కారుకు సమానంగా, ట్రాక్ ఆ చివర నుంచి ఈ చివరకు. పోలమ్మ లేచి నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. అదంతా నాకు తరువాత పిల్లలు చెప్పారు. నేను చూళ్ళేదు. ఎందుకు చూళ్ళేదంటారా? ఆ సమయంలో నేను వెనక్కి తిరిగి, కాకినాడ కాజాల పెట్టె మూత తీసి, దారిలో నోట్లో వేసుకోండి సార్ అని ఛైర్మన్ గారి మొహం ముందు పెట్టాను. ఆయన వద్దన్నారు. నేను ఒట్టు పెట్టాను. మిగతా ఇద్దరి చేతులూ అప్పటికే పెట్టెలో ఉన్నాయి. ఆయన కాజా తీసుకుని తలెత్తేసరికి మైదానం దాటిపోయింది.

కొన్నాళ్ళకు వి.సి. గారి దగ్గర్నుంచి పిలుపు వచ్చింది. క్రీడా కేంద్రం వేరే జిల్లా యూనివర్సిటీకి వెళ్ళిపోయిందట. అక్కడ కమిటీకి మజ్జిగ గ్లాసు చేతికిచ్చి, రెండు గంటలు ఎండలో నిలబెట్టి, ఉన్న ఆటగాళ్ళందర్నీ పరిగెత్తించారట. మా గురించి మాత్రం ఆతిథ్యం అమోఘం, క్రీడా ప్రమాణాలు చూసే అవకాశం కలగలేదు అని రాశారు. నేను తల దించుకుని నిలబడ్డాను. ఆయన కిటికీలోంచి బయటకు చూశారు. ట్రాక్ మీద ఎవరిదో ధాన్యం ఆరుతోంది.

"సూరిబాబూ, ఛైర్మన్ గారు ఫోన్ చేశారయ్యా. ఆ పనసపొట్టు కూరలో ఆవ ఎప్పుడు కలుపుతారని వాళ్ళావిడ అడుగుతున్నారట. కనుక్కుని చెప్పు."

కనుక్కున్నాను. చెప్పాను కూడా. అంతకంటే సిగ్గుమాలిన ఫోను నా జన్మలో చెయ్యలేదు.

ఆ వేసవిలో రత్నం చదువు మానేసింది. నాకు మనసు కుదురు తప్పింది. తప్పు నాదేనమ్మా, నన్ను క్షమించు అని ఆ పిల్లకు ఎదురుగా చెప్పాలని ఉప్పాడ బయల్దేరాను. దారి పొడుగునా ఆ ఒక్క మాటే వల్లె వేసుకున్నాను. ఇంటికి చేరేసరికి మిట్టమధ్యాహ్నం. రత్నం కంపెనీ నుంచి ఇంకా రాలేదు. పోలమ్మ నన్ను చూసి చాప వేసింది.

"నేనొకటి చెప్పాలని వచ్చానమ్మా," అన్నాను.

"చెబుదురుగాని బాబూ. అన్నం తినకుండా మాటలేంటండి? రెండు ముద్దలు తినండి ముందు."

వద్దన్నాను. చెయ్యి అడ్డం పెట్టాను. ఆవిడ నన్ను మించిన వడ్డన మనిషి. నెత్తళ్ళ పులుసు, వేడి అన్నం, మళ్ళీ మళ్ళీ అన్నం. తిన్నాను. సముద్రపు గాలి తగులుతోంది. గోడకు చేరగిలబడ్డాను. రత్నం రాగానే మొదట అనవలసిన మాట ఏమిటా అని కళ్ళు మూసుకుని ఆలోచించాను.

"సార్, లేవండి సార్. మీ బస్సు వెళ్ళిపోతుందండి."

కళ్ళు తెరిస్తే ఎదురుగా రత్నం. చేతులకింకా రొయ్యల వాసన. వీధి చివర కాకినాడ బస్సు కదులుతోంది, అది తప్పితే నాకు ఆ రోజు రాజమండ్రి చేరే దారి లేదు. నేను కండువా, చెప్పులు వెతుక్కునే లోపే ఆ పిల్ల గుమ్మం దాటింది. గట్టు మీద, వట్టి కాళ్ళతో, బస్సు వెనక. ఆ పరుగు నేను అప్పుడు చూశాను. మొదటి నుంచి చివరి దాకా, కళ్ళార్పకుండా చూశాను. బస్సును దాటి, ముందుకు వెళ్ళి, చెయ్యెత్తి ఆపేసింది.

నేను రొప్పుకుంటూ ఎక్కాను. బస్సు కదిలింది. క్షమించమన్న మాట నా నోట్లోనే ఉండిపోయింది.

కండక్టరు కిటికీలోంచి వెనక్కి చూస్తూ టికెట్టు చించాడు.

"ఏం పరుగండీ బాబూ అది. ఇలాంటి పిల్లని ఇప్పటిదాకా ఎవరూ చూళ్ళేదాండి?"

కాకినాడ దాకా నేను తల ఎత్తలేదు.

రత్నం ఇప్పటికీ ఆ కంపెనీకే వెళుతోంది. నేను ఇప్పటికీ అదే మైదానంలో ఉన్నాను. కాబట్టి పాఠకులందరి సాక్షిగా ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట ఏ కమిటీ వచ్చినా, ఆఖరి పిల్ల ఆఖరి గీత దాటేదాకా మంచినీళ్ళు కూడా ఇవ్వను. నిద్రపోతే కుండెడు నీళ్ళు మొహాన కొట్టి లేపుతాను. వచ్చే ఆదివారం మళ్ళీ ఉప్పాడ వెళుతున్నాను. పోలమ్మ ఎన్ని ఒట్లు పెట్టినా సరే, చెప్పవలసిన మాట చెప్పేదాకా ఆ చాప మీద కూర్చోను.