కింద పెట్టని కాఫీ గ్లాసు

పోయిన నెల మా మేనమామ పోయాడు. అత్త ఫోనులో ఏడుస్తూ చెప్పింది. "సగం తాగిన కాఫీ గ్లాసు నేలమీద పెట్టినాడప్పా. అప్పుడే నా గుండె జారిపాయ."

ఈ మాట విని ఎవరైనా విస్తుపోతారు. మామను ఎరిగినవాళ్ళు విస్తుపోరు. ఆయన జన్మలో గ్లాసు కింద పెట్టిన మనిషి కాదు, మమ్మల్ని పెట్టనిచ్చిన మనిషీ కాదు. కోలారు బంగారు గనుల్లో మా కూలీల లైను ఇళ్ళ కింద, సొరంగాల్లో ఎప్పుడు బండ పగులుతుందో ఎవరికీ తెలియదు. పగిలినప్పుడల్లా ఇల్లు అదిరేది, గూట్లో చెంబులు దొర్లేవి. అందుకని మాతోనే ఉండే మామ చెంబులన్నిటినీ పురికొసతో కట్టేసేవాడు. దాహమైతే ముందు ముడి విప్పుకోవాలి. అన్నం దగ్గర నీళ్ళ గ్లాసు నేలమీద కనబడిందా, నెత్తిన మొట్టికాయే. "చేతిలో పట్టుకోరా. నేల మనది కాదు" అనేవాడు. ఒక చేత్తో ముద్ద, ఒక చేత్తో గ్లాసు. దోమ కుడితే గోక్కోవడానికి మూడో చెయ్యి ఎక్కడిది? నన్ను ఇంతగా విసిగించిన మనిషి మరొకడు లేడు.

నాకు గనిలో పని దొరికిన కొత్తలో కామసముద్రం సంబంధం వచ్చింది. పిల్ల నాకు బాగా నచ్చింది. వాళ్ళ నాన్న ఇల్లు చూసుకోవడానికి వస్తానన్నాడు. ఆయన రైతు, నేల కదలడం ఎరగడు. మామ మమ్మల్ని కూర్చోబెట్టి హెచ్చరించాడు. "అదిరిందంటే రైలని చెప్పండి. నిజం చెప్తే పిల్లనియ్యరు."

వద్దు మామా అంటే వింటేగా.

పెద్దాయన వచ్చాడు. కాఫీలిచ్చాం. మర్యాద కోసమని ఆ రోజొక్కటే మామ మమ్మల్ని గ్లాసులు కింద పెట్టుకోనిచ్చాడు. సరిగ్గా అప్పుడే బండ పగిలింది. మాట ఆపకుండానే ఇంటిల్లిపాదీ ఒక్కసారిగా గ్లాసులు పైకెత్తాం. పెద్దాయన గ్లాసు మాత్రం స్టూలు మీంచి దొర్లి, ఆయన కొత్త పంచెమీద బోర్లాపడింది.

"రైలన్నా, రైలు" అన్నాడు మామ.

పెద్దాయన వాకిట్లోంచి ఎదురుగా కనబడే స్టేషను వైపు చూశాడు. "నేను దిగిన రైలు ఇంగా ఆడ్నే నిలబడుండాది కదప్పా."

తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. సంబంధం చేజారిందనే అనుకున్నాను. మామ తన భుజం మీది తువ్వాలు తీసి పెద్దాయన చేతికిచ్చాడు.

"తప్పయిపాయన్నా. అది రైలు కాదు. గనిలో బండ పగిలినాది. మావాడు దిగేది ఆ గనిలోకే."

"మీకు భయం లేదా?"

"ఉండాది. దానికే కదా గ్లాసు ఎత్తేది."

పెద్దాయన పంచె తుడుచుకుని మా అమ్మ వైపు తిరిగాడు. "ఇంగొక గ్లాసు కాఫీ పొయ్యమ్మా." ఈసారి చేతిలోనే పట్టుకుని తాగాడు. పిల్లనిచ్చాడు.

గని మూసేశాక మామ బంగారుపేటలో, పట్టాల పక్క ఇంట్లో ఉన్నాడు. హోటల్లో కూడా అదే తంతు. "గని మూసేసినారు కదా మామా, ఇంగ దించు" అంటే, "మూసేసినట్టు కింద బండకి ఎవరు చెప్పినారు?" అనేవాడు. సర్వర్లు నవ్వేవాళ్ళు, నాకు సిగ్గేసేది. ఇప్పుడు ఒక్కణ్ణే కూర్చుంటే అదే హోటల్లో కాఫీ సయించడం లేదు.

కర్మ రోజున అత్త ఫొటో ముందు కాఫీ పెట్టింది, నేలమీద. బయట రైలు వెళ్ళింది. ఈసారి నిజంగా రైలే. ఇల్లు అదిరింది, గ్లాసు వణికింది, మా అందరి చేతులూ లేచాయి. అందరికంటే ముందు దాన్ని అందుకున్నది ఆ కామసముద్రం పిల్ల, నా భార్య. చుక్క కూడా ఒలకలేదు. రైలు వెళ్ళిపోయాక కూడా ఆమె దాన్ని కింద పెట్టలేదు.