నూట ఇరవై హెర్ట్జ్‌ల అనుమానం

మా బామ్మర్ది నా మేలు కోరి ఒక మాట అన్నాడంటే, అది ఎవరి మేలో తేలేదాకా నాకు నిద్ర పట్టదు. అలాంటివాడు ఒక ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక మా ఇంటికొచ్చి, కోడికూర తిని, గేమ్ డబ్బాలో కార్ల రేసు పెట్టి, ఎప్పటిలాగే నన్ను ఓడించి, "నీ తప్పు కాదు బావా, నీ టీవీయే మంచిగ లేదు" అన్నాడు. గెలిచినవాడు ఓడినవాడి తరఫున మాట్లాడటం నేనెక్కడా చూడలేదు.

నిజానికి ఆ మాట ముందు పుట్టించింది నేనే. సత్తుపల్లి ఓపెన్‌కాస్ట్ బొగ్గుగనిలో ఇల్లంత డంపర్ నడిపేవాణ్ణి. తెర మీద గుప్పెడంత కారును నడపలేక ఓడిపోతున్నానని తోటివాళ్లకు ఏ ముఖంతో చెప్పను? అందుకని క్యాంటీన్‌లో నేరం టీవీ మీద మోపాను. పోయిన ఆదివారం నేను నొక్కిన బ్రేకు మా టీవీలో ఈ ఆదివారం పడిందని చెప్పాను. డబ్బా ఆపేసి, అన్నం తిని, చెయ్యి కడుక్కుని వచ్చినా నా కారు ఇంకా మలుపు తిరుగుతూనే ఉందని చెప్పాను. ఏన్కూరు అడవి దారిలో నా స్కూటరెక్కి ఊరి పొలిమేర దాకా వచ్చిన ఎలుగుబంటిని నమ్మినవాళ్లు కూడా దీన్ని నమ్మలేదు.

"ఇద్దరాడేది ఒకటే టీవీ మీద గదనే. నీకొక్కనికే ఎట్ల లేటొస్తది?" అన్నాడొకడు.

దానికీ నా దగ్గర జవాబుంది. నాది చురుకైన చెయ్యి. టీవీ చూపించేలోపే నా వేలు పని ముగిస్తుంది. మా బామ్మర్దిది బద్ధకపు చెయ్యి, బద్ధకపు టీవీకి సరిగ్గా అతికింది.

ఈ సిద్ధాంతం మా ఆవిడ చెవిన పడింది. తమ్ముడి ఎదుటే తీర్పు చెప్పేసింది.

"ఆ టీవీ వద్దంటే కొత్త తెరేదో తెచ్చుకో. దాని మీద కూడా ఓడినవనుకో, ఇంక సాకుల్లేవ్. ఆ డబ్బా మా తమ్మునింటికి పోతది. ఆదివారమన్నా ఇంట్ల నిమ్మళముంటది."

"అవ్ అక్కా, గదే న్యాయం" అన్నాడు వాడు, ఆమె నోరు మూయకముందే. "నేను గూడ ఖమ్మం వస్త బావా. మంచిది చూసి ఇప్పిస్త."

ఆ తొందర చూస్తే ఎవరికైనా అనుమానం రాదా? నాకు పనికిరాని తెర అంటగడితే డబ్బా వాడింటికి చేరుతుంది. అయినా వద్దంటే నా అనుమానం బయటపడుతుంది. సరేనన్నాను. కానీ వాడికి చెప్పకుండా గేమ్ డబ్బాను బియ్యం సంచిలో చుట్టి బస్సెక్కాను.

షాపులో తెరలన్నిటి మీదా ఒకటే వీడియో, నీళ్లలో రంగురంగుల చేపలు. ఆ చేపల్ని ఆడిస్తే మా ఇంటి గోడ కూడా అంత అందంగానే ఉంటుంది. కళ్లద్దాలు నెత్తి మీదికి ఎక్కించుకున్న సేల్స్‌మన్ మమ్మల్ని ఒక పెద్ద మానిటర్ ముందు నిలబెట్టాడు.

"రెండు వందల నలభై హెర్ట్జ్ సార్. సెకనుకు రెండు వందల నలభై సార్లు బొమ్మ మారుస్తది. మీ టీవీ అరవై సార్లే."

"ఎవరు లెక్కపెట్టిండ్రు?" అన్నాను.

సేల్స్‌మన్ నవ్వాడు. బామ్మర్ది మాత్రం నవ్వకుండా పక్కనున్న చిన్నదాన్ని చూపించాడు. "గీ నూట ఇరవైది చాలు బావా. నీ డబ్బా అంతకన్నా ఎక్కువ ఇయ్యదు."

పెద్దది వదిలి చిన్నది తీసుకోమంటున్నాడు! అంటే నన్ను ముంచుతున్నాడు. లేదా, నేనిలా అనుకుంటానని తెలిసి పెద్దదాని వైపు తోస్తున్నాడు. లేదా, నేను అలా కూడా అనుకుంటానని తెలిసి... ఇక తల పనిచేయలేదు. బియ్యం సంచి విప్పాను.

"ఏంది బావా, సద్దిమూట తెచ్చినవనుకున్న!"

"నాకు చేపలతోని పనిలేదు. నా డబ్బా పెట్టి చూపియ్యుండ్రి."

సేల్స్‌మన్ పెద్దదానికి వైరు తగిలించి సెట్టింగులు తెరిచాడు. అరవై అని చూపించింది. ఆయన కళ్లద్దాలు ముక్కు మీదికి దిగాయి. "ఆ రెండు వందల నలభై కంప్యూటర్ వైరుకొస్తది సార్. మీ డబ్బా వైరు పెట్టే సాకెట్ దీన్ల పాత రకంది" అన్నాడు మెల్లగా. వైరు చిన్నదానికి మార్చాడు. నూట ఇరవై. కారు కదిలింది. నూనె రాసిన పళ్లెంలో చింతగింజ జారినట్టు జారింది.

బామ్మర్ది చెప్పింది అక్షరాలా నిజం. దాంతో నా అనుమానం రెట్టింపైంది. నన్ను ఓడించి డబ్బా పట్టుకుపోదామనుకునే మనిషి నాకు మంచి తెర ఎందుకు ఇప్పిస్తాడు? అదే కొన్నాను గానీ, తిరుగు బస్సులో వాణ్ణి దాని మీద చెయ్యి వెయ్యనివ్వలేదు.

ఆదివారం మా ఆవిడ కుర్చీ లాక్కుని మా వెనక కూర్చుంది. తెర పై సగం నాది, కింది సగం వాడిది. చదును రోడ్డు మీద నా కారు వాడి కారును ఆనుకునే పోయింది. కొండ మీది ఘాటు రోడ్డు ఎక్కడం మొదలుపెట్టగానే వెనకబడింది. మళ్లీ చదును మీద అందుకున్నాను. మళ్లీ ఘాటులో వెనకబడ్డాను.

"ఆగు" అంది మా ఆవిడ. "రోడ్డు ఎత్తుకెక్కినప్పుడల్లా నీ కారెనక ఎర్రలైటు ఎందుకు ఎలుగుతుంది?"

"ఏడ ఎలుగుతుంది?"

"మా తమ్ముని కారు ముందున్నప్పుడల్లా ఎలుగుతుంది. చూసుకో."

పాత టీవీలో అది మసక మసకగా కలిసిపోయేది. ఈ తెర ఏదీ దాచదు. నా వేలి వైపు చూసుకున్నాను. అది బ్రేకు మీద ఉంది. గనిలో ఎత్తు దారి మీద ముందున్న డంపరును దాటకూడదు. దూరం ఉంచి, వెనకే ఎక్కాలి. ఇన్నేళ్లుగా అదే పని చేసిన వేలు, నన్నడగకుండా ఇంట్లో కూడా డ్యూటీ చేస్తోంది.

"గని రూలు" అన్నాను.

"ఇది గని కాదు బావా."

"ఎత్తే గద!"

ఓడిపోయాను. వాడు డబ్బాను అదే బియ్యం సంచిలో చుట్టుకుని టేకులపల్లిలో తన ఇంటికి బయల్దేరాడు. గడప దాటుతూ తెర వైపు ఒక చూపు చూశాడు. ఆ చూపు నా మనసులో ముల్లులా ఉండిపోయింది.

వారం తిరగకముందే ఫోన్ వచ్చింది.

"బావా, మా టీవీ మీద నీ డబ్బా జర నిదానంగ నడుస్తుంది."

"అట్లనా."

"నీ తెర ఉత్తగనే పడున్నది గద. నాకిస్తే..."

ఖమ్మంలో అంత నిజం ఎందుకు చెప్పాడో అప్పుడు తెలిసింది. ఏ తెర ఇప్పించినా నేను ఓడతానని వాడికి ముందే తెలుసు. ఆ తెర వాడు నాకోసం చూడలేదు.

"ఉత్తగ ఏడున్నది? పొద్దుగూకినంక దాని ఎలుగుకు అడివి జింకలొచ్చి కిటికీకాడ నిలబడుతున్నయ్. వాటిని నిరాశపరచలేను" అన్నాను. "ఆడాలనుంటే డబ్బా పట్టుకొని నువ్వే రా."

ఆ పై ఆదివారం వాడు మా గుమ్మంలో ఉన్నాడు, చంకలో బియ్యం సంచితో. మా ఆవిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, అన్నానికి ఇంకో గ్లాసు బియ్యం కడిగింది.

"ఈసారి ఘాటు లేని రోడ్డు పెడదాం" అన్నాను.

"అవ్ బావా, పెట్టు" అన్నాడు వెంటనే.

ఎందుకంత జల్దీ ఒప్పుకున్నాడా అని ఆలోచిస్తుండగానే రేసు మొదలైపోయింది.